నాలాకి వార్డులు తెలియవు మహాప్రభో!

మా కాలనీ చివర ఒక నాలా ఉంది. ఎండాకాలంలో పిల్లలు క్రికెట్ బంతి కోసం అందులోకి దిగుతారు. వానాకాలంలో అది మా వీధిలోకి దిగుతుంది. మిగతా రోజుల్లో దాన్ని చెత్తకుండీ అంటారు.

మేముండేది శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల. ఆ చుట్టూ నాలుగైదు పురపాలికలు ఉండేవి. అందులో మాది ఏదన్నది ఇక్కడ అనవసరం (చెప్తే మా కాలనీ సంఘం కార్యదర్శిగారు నాతో మాట్లాడ్డం మానేస్తారు, ఇప్పటికే అంతంత మాత్రం). ఈ నాలాకి బాక్సు డ్రెయిను కట్టించాలన్న మాట నేను ఇల్లు కట్టుకున్న నాటి నుంచీ వింటున్నాను. పంచాయతీగా ఉన్నప్పుడు డబ్బుల్లేవన్నారు. మునిసిపాలిటీ అయ్యాక, డబ్బుల సంగతి సరే గానీ ఎక్కడ మొదలెట్టాలో తేలాలన్నారు. నా ఏడుపంతా ఈ "ఎక్కడ మొదలెట్టాలి" గురించే.

ఓసారి ఆఫీసుకి సెలవు పెట్టి మరీ, తెలిసినాయన్ని పట్టుకుని కౌన్సిల్ సమావేశం చూడ్డానికి వెళ్ళాను. అజెండాలో మా నాలా ఉంది. దాదాపు రెండు గంటలు చర్చించారు. నాలా మొత్తం పొడవెంత, వాలు ఎటు, ఎన్ని ఎకరాల వాననీళ్ళు అందులోకొస్తాయి, చివరికి ఏ చెరువులో కలుస్తుంది... ఈ నాలుగు ప్రశ్నల్లో ఒక్కటీ ఒక్కరూ అడగలేదు. అడిగిందల్లా ఒకటే. మా వార్డులో ఎన్ని మీటర్లు, వాళ్ళ వార్డులో ఎన్ని మీటర్లు? మాకు అరవై, వాళ్ళకి నూటయాభయ్యా? ఇదేం న్యాయం? ఆస్తి పంపకాలప్పుడు అన్నదమ్ములు కూడా అంత పట్టుదలగా కొట్టుకోరు. చివరికి గొంతు పెద్దదున్న సభ్యుడు గెలిచాడు. ఆయన వార్డు ఎగువన ఉంది. అక్కడ మూడు మీటర్ల వెడల్పుతో చక్కటి కాంక్రీటు డ్రెయిను కట్టారు. కొబ్బరికాయ కొట్టారు, ఫ్లెక్సీ కట్టారు. మా దగ్గరికొచ్చేసరికి ఏముందయ్యా అంటే, రోడ్డు కింద ఎప్పటిదో మీటరు సిమెంటు పైపు.

తర్వాతి వానకి ఏమైందో మళ్ళీ చెప్పాలా? ఇదివరకు మా వీధిలోకి నీళ్ళు రావడానికి గంటన్నర పట్టేది. ఇప్పుడు అరగంటలో వచ్చేశాయి.

నేను పొట్టకూటి కోసం సాఫ్ట్‌వేరు రాసుకునేవాణ్ణి. సివిల్ ఇంజనీరింగు నాకు రాదు. కానీ ఈ జబ్బు మాకు బాగా తెలిసిందే. ఒక సర్వరు సెకనుకి వెయ్యి రిక్వెస్టులు పంపుతోంది, అవతలిది నూరు మాత్రమే అందుకోగలదు. ఇప్పుడు మీరు డబ్బు ఖర్చుపెట్టి మొదటిదాన్ని బాగుచేస్తే ఏమవుతుంది? రెండోది ఇంకాస్త ముందుగా చస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలోనే మా టీం లీడు చీవాట్లు పెట్టి నేర్పించిన సంగతిది. దీనికి హైడ్రాలజీ డిగ్రీ అక్కర్లేదు. ఎటొచ్చీ కౌన్సిల్లో ఎగువ వార్డుకో సభ్యుడుంటాడు, దిగువ వార్డుకో సభ్యుడుంటాడు. నాలాకి సభ్యుడుండడు. అదీ తంటా.

కాస్త లెక్క చూద్దాం. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. వంద ఎకరాల లేఅవుట్ మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 4 కోట్ల లీటర్ల నీళ్ళు. వేసవిలో మనం ఫోను చేసి పిలిపించుకునే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది వేలు వరసగా వచ్చి మీ గుమ్మం ముందు ఒలకబోసినట్టన్నమాట. ఒకప్పుడు అది జొన్నచేను, కొంత తాగేది. ఇప్పుడు సీసీ రోడ్లు, టైల్సు, పార్కింగు. తాగే నోరెక్కడుంది?

గోడకి అవతల చూడండి. శంషాబాద్ ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు. అదే వాన ఆ ఒక్క పట్టీ మీద పడితే రెండున్నర కోట్ల లీటర్లు. రన్‌వే కట్టేవాడు ముందు నీళ్ళు ఎటు పోతాయో గీసుకుని, ఆ తర్వాతే కాంక్రీటు పోస్తాడు. గోడకి ఇవతల మనం ముందు కాంక్రీటు పోసి, ఆ తర్వాత నీళ్ళు ఎటు పోతాయా అని కౌన్సిల్లో ఓటింగు పెట్టుకుంటాం. నీళ్ళు వాలు చూసుకుంటాయి గానీ మెజారిటీ చూస్తాయా?

అలాగని విమానాశ్రయాలు కట్టేవాళ్ళందరూ మహాజ్ఞానులని నేనట్లేదు. ముంబైలో రన్‌వే కోసం మీఠీ నదిని మెలికలు తిప్పారు. 2005 జులై 26న శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడితే ఊరితోపాటు ఆ విమానాశ్రయమూ మూతపడింది. చెన్నైలో అడయారు నది మీద వంతెన వేసి రెండో రన్‌వే పొడిగించారు. 2015 డిసెంబరు వరదలకి అక్కడా కొన్ని రోజుల పాటు విమానాలు లేవు. నీళ్ళ దారికి అడ్డం పోతే ఎంత పెద్దవాడికైనా అంతే.

అంత దూరం ఎందుకు, మన గగన్‌పహాడ్ సంగతే చూద్దాం. 2020 అక్టోబరు 13 రాత్రి మర్చిపోయారా? పాతబస్తీ వైపు చెరువుల కట్టలు తెగాయి. ఇటు గగన్‌పహాడ్‌లో అప్ప చెరువు తెగింది. నీళ్ళు బెంగుళూరు హైవే మీద పడ్డాయి. రోడ్డు కోసుకుపోయింది, బళ్ళు కొట్టుకుపోయాయి, మనుషుల ప్రాణాలు పోయాయి. విమానాశ్రయానికి పోయే రహదారి అండీ అది! అంతకు నెల ముందే, సెప్టెంబరులో, నేరేడ్‌మెట్‌లో సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిన పన్నెండేళ్ళ పాప తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. ఆ తర్వాత అందరూ మేలుకున్నారు. నాలాల కోసమే ప్రత్యేకంగా ఎస్‌ఎన్‌డీపీ అని పథకం పెట్టి మొదటి విడతకి సుమారు 985 కోట్లు కేటాయించారు. అప్ప చెరువులో కట్టిన షెడ్ల వంతు మాత్రం 2024 ఆగస్టు 31న వచ్చింది, హైడ్రా బుల్డోజర్లతో. అంటే కట్ట తెగినాక కూడా దాదాపు నాలుగేళ్ళు చెరువులో షెడ్లు ఉన్నాయన్నమాట!

చెరువులో ఉన్నవాటిని కొట్టేశారు, బాగుంది. మరి చెరువు నిండితే అలుగు మీంచి దూకిన నీళ్ళు పోయే దారి?

మా వీధి మొదట్లో ఒక పెద్దాయన ఉంటాడు. వాళ్ళ నాయన ఊరి నీరటి, అంటే చెరువు తూము తెరిచి మూసే మనిషి. ఒకరోజు మోకాళ్ళ లోతు నీళ్ళలో నా స్కూటరు తోసుకుంటూ వస్తుంటే అరుగు మీంచి చూసి నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "ఏంది తాతా, నవ్వుతున్నవ్?" అన్నాను. "నవ్వక ఏం జెయ్యాలె బిడ్డా? మత్తడి దుంకినంక నీళ్ళు గీడికెళ్ళే కింది చెర్వుకు పోతుండె. మీరొచ్చి గాడ గేటు పెట్టుకున్నరు. ఇగ అవి బెల్లు గొట్టి రావాల్నా?" అన్నాడు.

ఆయన చెప్పిన ఆ రెండు ముక్కల్లో ఉన్న ఇంజనీరింగు మా కౌన్సిల్ రెండు గంటల చర్చలో లేదు. మన ప్రాంతంలో చెరువులు విడివిడిగా లేవు, గొలుసుకట్టుగా ఉండేవి. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకి, అది నిండితే ఇంకా కిందికి. మనం నాలా అని ముక్కు మూసుకుంటున్నది చాలాచోట్ల ఆ గొలుసులో ఒక లంకె. ఒక లంకెని తీసుకొచ్చి టేబులు మీద పెట్టి, దీన్ని ఎన్ని వార్డులకి పంచుదాం అంటే ఎలా?

నాలా అంటే గుర్తొచ్చింది. మన రెవెన్యూ భాషలో ఇంకో నాలా ఉంది, పొలాన్ని ప్లాట్లుగా మార్చుకోడానికి చేయించే నాలా కన్వర్షన్. చుట్టుపక్కల ఆ నాలా ఎంత పెరిగితే ఈ నాలా అంత తరిగింది. ఒకే పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ దణ్ణం పెట్టాలి.

ఇక నిబంధనలు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 మీటర్ల కన్నా వెడల్పున్న నాలాకి అటూ ఇటూ 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లు, అంతకన్నా తక్కువైతే 2 మీటర్లు వదిలితే చాలు. చదవడానికి న్యాయంగానే ఉంది. కానీ నాలాంటి కోడు రాసేవాడు చదివితే ముందు కంతే కనపడుతుంది. 11 మీటర్ల నాలా ఉందనుకోండి. రెండు వైపులా వదిలేదీ కలిపితే 29 మీటర్ల దారి. దాన్నే రాత్రికి రాత్రి మట్టిపోసి 9 మీటర్లు చేశారనుకోండి, ఇప్పుడు మొత్తం 13 మీటర్లే. రెండు మీటర్లు కబ్జా చేస్తే బహుమతిగా ఇంకో పద్నాలుగు! అసలు హద్దు ఎక్కడుందో పాత గ్రామపటం తీసి చూపించేవాడు ఉంటేనే ఈ ఆట కట్టేది. ఆ పటం తీయమని ఏ సభ్యుడూ అడగలేదు. ఎందుకడగలేదో నాకు తెలుసు. ఆ పటం నేను తీయించి చూశాను కాబట్టి.

మా ఇంటి వెనక ప్రహరీ నాలాకి వదలాల్సిన జాగాలో ఉంది.

అవును, నాదే. ప్లాటు కొన్నప్పుడు లేఅవుట్ కాగితాలు చూశాను, బ్యాంకువాళ్ళూ చూశారు, లాయరూ చూశాడు. ఎవరికీ నాలా కనపడలేదు. నాకు తెలియదు అనడం తేలికే. నిజం చెప్పాలంటే, వెనక కాలవుందని తెలుసు. అది ఎంత వెడల్పు ఉండాలో అడగలేదు, అంతే. మా వీధిలో ఇంకో పదకొండు ఇళ్ళ సంగతీ ఇదే. కౌన్సిల్‌ని తిడుతున్న మేమే మీటర్ల కొద్దీ నాలాని ఇంట్లో పెట్టుకున్నాం. 2016 సెప్టెంబరు వానలప్పుడు నగరంలో నాలాల మీద 28 వేల అక్రమ కట్టడాలు ఉన్నాయని ప్రభుత్వమే చెప్పింది. అప్పుడు ఆ వార్త చదివి "ఛీ, ఏం మనుషులో" అనుకున్నాను నేను.

"అయితే పేదవాడి ఇల్లు కూలగొడతారా?" అని అడిగేవాళ్ళుంటారు. సరైన ప్రశ్నే. గుడిసె వేసుకున్నవాడికి ముందు వేరే ఇల్లు చూపించాలి, అది కూడా ఎక్కడో ముప్ఫై కిలోమీటర్ల అవతల కాదు. అనుమతితో కట్టుకున్నవాడికి నష్టపరిహారమో, అభివృద్ధి హక్కుల బదిలీ పత్రమో ఇవ్వాలి. నాలాంటి వాడికి? ప్రహరీ కదా, ఇల్లు కాదు కదా. మారు మాట్లాడకుండా తీసేయాలి. నేను మారు మాట్లాడను. కానీ ఒక్క షరతు. పని దిగువ నుంచి మొదలుపెట్టాలి. నీళ్ళు చేరాల్సిన చెరువు దగ్గర మొదలెట్టి, రోడ్డు కింద ఆ దిక్కుమాలిన పైపు తీసి కల్వర్టు పెద్దది చేసి, అక్కణ్ణించి పైకి రావాలి. మా గోడ కొట్టి, కిందున్న పైపు అలాగే వదిలేస్తే అది నాలా పని కాదు, మా పెరట్లో కొత్త చెరువు పని.

పైన ఆపాలి, కింద తెరవాలి. ఇది కొత్త విద్యేం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచాక విశ్వేశ్వరయ్యగారిని పిలిపిస్తే ఆయన ఏ మొహల్లాకి ఎన్ని మీటర్ల గోడ అని పంచలేదు. నది పైనుంచి చూసుకుంటూ వచ్చారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. ఆ హిమాయత్‌సాగర్ మా పొరుగుదే. దాని పరీవాహకంలో ఇష్టమొచ్చినట్టు కట్టొద్దని 1996లో జీవో 111 తెస్తే, 2022లో జీవో 69తో ఆ ఆంక్షల్ని ఎత్తేశారు. పైన ఆపేదాన్ని వదిలేసి, కింద తెరవాల్సిందాన్ని మూసేసి, మధ్యలో బాక్సు డ్రెయిను గురించి కొట్టుకుంటున్నాం మనం.

2025 చివర్లో శంషాబాద్‌తో సహా చుట్టుపక్కల 27 పురపాలికల్ని జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. కొందరికి సంబరం, కొందరికి దుఃఖం. నాకు మాత్రం ఒక చిన్న ఆశ పుట్టింది. ఇన్నాళ్ళూ ఎగువ ఒక మునిసిపాలిటీ, దిగువ ఇంకోటి అని తప్పించుకునేవారు, ఇప్పుడా సాకు పోయింది కదా అని. మర్నాడే మా కాలనీ వాట్సప్ గ్రూపులో చర్చ మొదలైంది. కొత్త డివిజను హద్దు ఎక్కడ గీస్తారు, నాలాకి అటా, ఇటా?

పోయిన ఆదివారం సంఘం మీటింగులో నేనో తీర్మానం పెట్టాను. దిగువ కల్వర్టు పెద్దది చేసేదాకా పైన ఒక్క మీటరు కూడా కట్టొద్దని, పాత గ్రామపటం ప్రకారం హద్దులు గుర్తించాలని, నాలా మీదున్న పన్నెండు ప్రహరీలూ మేమే తీస్తామని రాతపూర్వకంగా ఇద్దామని. కార్యదర్శిగారు "సార్, మీకు వర్క్ ఫ్రమ్ హోమ్ ఎక్కువైనట్టుంది" అన్నారు. అందరూ నవ్వారు. ఓటింగు పెట్టమన్నాను. వచ్చినవాళ్ళు ముప్ఫై ఒక్కమంది. నా తీర్మానానికి నాలుగు ఓట్లు. ఒకటి నాది, ఒకటి మా ఆవిడది, ఒకటి నీరటి కొడుకు తాతది. నాలుగో చెయ్యి వెనక వరసలోంచి లేచింది. ఎవరిదో సరిగ్గా కనపడలేదు గానీ, ఆ వరసలో కూర్చున్నవాళ్ళందరివీ నాలా పక్క ఇళ్ళే.