మధ్యాహ్నం మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

సింగపూర్ లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద, ముస్తఫా సెంటర్‌కు దగ్గర్లోనే అంగుల్లియా మసీదు ఉంది. ఆదివారం వస్తే ఆ వీధి వలస కూలీలతో కిటకిటలాడుతుంది. రంజాన్ నెలలో అక్కడ ఇఫ్తార్‌కు కూర్చున్నవాళ్ళలో షుగర్ ఉన్న ఒక కూలీని ఊహించుకోండి. జేబులో మందుల కవరు. దాని మీద ‘రోజుకు మూడుసార్లు, భోజనం తర్వాత’ అని ఉంది. ఆ నెలలో మధ్యాహ్న భోజనమే లేదు. మరి ఆ పూట మాత్ర ఎప్పుడు? అడగడానికి అతనికి మొహమాటం, చెప్పడానికి అవతలివాళ్ళకు తీరిక లేదు. చివరికి తనే తేల్చుకుంటాడు. మానేస్తాడు, లేదంటే సాయంత్రం రెండూ కలిపి మింగుతాడు. ఎటుచూసినా ముప్పే.

దీన్ని అతని తెలియనితనంగా కొట్టిపారేయడం తేలిక. కానీ కవరు మీది మాట అతనికి అర్థమైంది. అతని రోజుకే అది సరిపోలేదు. ఆరోగ్య ప్రచారమంటే కరపత్రాన్ని నాలుగు భాషల్లో అచ్చువేయడమే అనుకున్నంతకాలం ఈ లోటు తీరదు.

షుగర్ రోగి రోజా ఉండదలిస్తే 6 నుంచి 8 వారాల ముందే డాక్టరుతో మాట్లాడి మందుల వేళలు మార్చుకోవాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తంలో చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా దీక్ష విరమించాలి. వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా భంగం కాదు. అయితే ఈ చివరి మాట డాక్టరు చెబితే అనుమానం మిగులుతుంది, జుమ్మా నాడు ఇమాం చెబితే తీరిపోతుంది.

వైద్యం మత విశ్వాసాన్ని కలుపుకుని సాగాలన్న సంగతి సింగపూర్‌కు తెలియనిది కాదు. 1987 నాటి అవయవ మార్పిడి చట్టం ముస్లింలను పక్కన పెట్టింది. ఇస్లామిక్ మత మండలి 2007లో ఫత్వా ఇచ్చాక, 2008 ఆగస్టులో వాళ్ళూ దాని పరిధిలోకి వచ్చారు. ఇష్టం లేనివాళ్ళు తప్పుకునే వెసులుబాటు అందరిలాగే వాళ్ళకూ ఉంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ముస్లిం నర్సులు యూనిఫాంతో పాటు తలకు తుడుంగ్ అనే వస్త్రం కట్టుకోవడానికి 2021 నవంబరు 1 నుంచి అనుమతి దొరికింది. ఏళ్ళ తరబడి సాగిన చర్చ అలా ఒక కొలిక్కి వచ్చింది.

ఆస్పత్రిలో కుదిరింది భవన నిర్మాణ సైట్ దగ్గర కుదరదా? అక్కడ రోజా పదమూడు గంటలు దాటుతుంది, పైన ఉక్కపోత. ఎండనూ తేమనూ కలిపి కొలిచే సూచీ 32 డిగ్రీలకు చేరితే, ఆరుబయట బరువు పని చేసేవాళ్ళకు గంటకు కనీసం 10 నిమిషాలు, 33కు చేరితే 15 నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలని 2023 అక్టోబరులో ప్రభుత్వం చెప్పింది. ఇది ఏ మతానికీ ప్రత్యేకం కాదు. ముస్లింలకే రాయితీలా అని గొణిగేవారికి జవాబు ఇందులోనే ఉంది. బరువు పనులు పొద్దున్నే ముగిస్తే రోజా ఉన్నవాడితో పాటు పక్కనున్న కరీంనగర్ కూలీకీ మేలే.

మన దగ్గర 2025 రంజాన్‌లో ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే ఇళ్ళకు వెళ్ళవచ్చని తెలంగాణ ప్రభుత్వం అనుమతించింది. మంచిదే. కాకపోతే సర్కారు కొలువులకు వర్తించే ఆ మాట ప్రైవేటు భవనం మీద సెంట్రింగ్ కొట్టేవాడి దాకా వెళ్ళదు. ఇక సింగపూర్ పార్లమెంటు 2025 జనవరిలో ఆమోదించిన పని ప్రదేశాల న్యాయ చట్టం నియామకాల్లో, తొలగింపుల్లో, ప్రమోషన్లలో మతవివక్షను అడ్డుకోవడానికి ఉద్దేశించింది. అయితే 25 మంది కంటే తక్కువ ఉన్న సంస్థలకు ప్రస్తుతానికి మినహాయింపు ఇచ్చారు. పైగా కొలువులోంచి తీసేయకపోవడం వేరు, ఒంటికి తగ్గట్టు పనివేళలు సర్దడం వేరు.

మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరు చెప్పగలడు. రోజా మధ్యలో విరమించినా తప్పు కాదని ఇమాం చెప్పగలడు. కళ్ళు తిరిగితే పని ఆపి కూర్చో, కూలి కోయనని చెప్పాల్సింది మాత్రం సూపర్‌వైజరే.