చేతికి పని అలవాటు కావాలంటే ఇంటి భాషా కావాలి

నిన్న చెంచా పట్టుకున్న పిల్లవాడు ఇవాళ పట్టుకోలేకపోతే ఇంట్లో వెంటనే వచ్చే మాట 'బద్ధకం'. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల విషయంలో ఇది అన్యాయమైన మాట.

పాఠం గుర్తుంచుకోవడం ఒక రకం జ్ఞాపకం. సైకిల్ తొక్కడం, గుండీ పెట్టుకోవడం ఒళ్లు గుర్తుంచుకోవడం ఇంకో రకం. మెదడులోని చలన కేంద్రాలు, బేసల్ గాంగ్లియా, చిన్నమెదడు కలిసి ఈ రెండో రకాన్ని నిలబెడతాయి. పుట్టకముందో, కాన్పు సమయంలోనో, పసితనంలోనో ఎదుగుతున్న మెదడు దెబ్బతినడం వల్ల సెరిబ్రల్ పాల్సీ వస్తుంది. ఆ దెబ్బ ఈ భాగాలకు తగిలితే, పని ఎలా చేయాలో తెలిసిన బిడ్డకు కూడా చేయి సహకరించకపోవచ్చు. అలవాటు పడటానికి మిగతా పిల్లలకన్నా ఎన్నో రెట్లు సాధన కావాలి.

సాధన అంటే ఎవరో చేయి పట్టి ఆడించడం కాదు. అన్నం తినడం రావాలంటే బిడ్డ తానే అన్నం ముద్ద ఎత్తాలి. కొద్దికొద్దిగా, రోజూ ఎత్తాలి. వారానికి ఒకటి రెండు గంటల థెరపీతో ఇది అయ్యేది కాదు. మిగతాదంతా ఇంట్లో జరగాలి.

మనకు ప్రత్యేకమైన చిక్కు ఇక్కడే ఉంది. 'పట్టుకో' అనడానికి చెన్నై థెరపిస్టు 'పిడి' అంటారు, బెంగళూరులో 'హిడి' అంటారు. రెండు భాషలు వినడం బిడ్డకు చేటు కాదు. అమ్మానాన్నలకూ ఆ భాష వచ్చు. కానీ పగలంతా బిడ్డను చూసుకునేది చాలా ఇళ్లలో అమ్మమ్మో నాయనమ్మో. కాగితం మీద తమిళంలోనో కన్నడంలోనో రాసిచ్చిన వరుస ఆమె దాకా చేరదు. తెలుగులో రాసిచ్చినా, తరాలుగా బయట స్థిరపడిన మన ఇళ్లలో తెలుగు చదవగలిగేవారు తక్కువ. అందుకే థెరపిస్టు అనుమతితో ఆ వరుసను ఫోన్‌లో వీడియో తీసి, తెలుగు మాట జోడించడం మేలు.

హక్కులూ తెలిసి ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఉంది. నేషనల్ ట్రస్ట్ వారి 'నిరామయ' ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. అందులో థెరపీ ఖర్చుకూ చోటుంది. రాజ్యాంగంలోని 350ఏ అధికరణ భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలంటుంది. చికిత్స గురించి అది చెప్పదు. ఆ లోటు పూడ్చమని అడగాల్సింది మన సంఘాలే.

ఉగాది సభలకు వేదిక కట్టే సంఘాలు తమ ఊరి థెరపీ కేంద్రానికి తెలుగు మాట సాయం చేసే ఇద్దరు కార్యకర్తలను ఇవ్వలేవా? బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.