127 నిమిషాల శుక్రమహర్దశ

కష్టాలు తీరి నాలుగు డబ్బులు కళ్లజూసిన వాణ్ని చూసి, 'వాడికేం, శుక్రమహర్దశ పట్టింది' అంటారు. జాతకాల లెక్కలో ఆ దశ 20 ఏళ్లు. మరి, ఏకంగా ఆ శుక్రుడి మీదే కాలుమోపిన యంత్రాల సంగతి? వాటిలో అన్నిటికన్నా ఎక్కువసేపు బతికిన దానికి దక్కిన ఆయుష్షు 127 నిమిషాలు!

శుక్రుడంటే తెలుగువారికి కొత్తేం కాదు. తెల్లారకముందే పొలానికి బయల్దేరే రైతుకి అది వేగుచుక్క. పెళ్లిళ్లు తలపెట్టిన ఇళ్లలో 'మూఢం వచ్చేసింది' అంటూ ముహూర్తాలు వాయిదా వేసేదీ దానివల్లే. సూర్యుడి వెలుగులో కలిసిపోయి ఆ చుక్క కంటికి కనిపించని రోజులే శుక్ర మూఢం.

కవలే... కానీ!

భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు, శుక్రుడిది 12,104. దగ్గరగా వచ్చినప్పుడు రెంటికీ మధ్య దూరం సుమారు 4 కోట్ల కిలోమీటర్లు. మరే గ్రహమూ మనకింత చేరువగా రాదు. అందుకే దీన్ని భూమికి కవల అన్నారు. పైన ఎప్పుడూ దట్టమైన మేఘాలు కమ్ముకునే ఉంటాయి. ఎండను అద్దంలా వెనక్కి కొట్టేవి అవే కాబట్టి, ఆ మెరుపంతా వాటి చలవే. వాటి కింద ఏముందో ఏ టెలిస్కోపుకీ అందలేదు. మేఘాలున్నాయంటే వానలూ చిత్తడి అడవులూ ఉండొచ్చని కొందరు శాస్త్రవేత్తలు ఊహించారు కూడా.

1962 డిసెంబరు 14న అమెరికా వ్యోమనౌక మారినర్-2 పక్కనుంచి వెళ్తూ చూసేసరికి ఆ కల కరిగిపోయింది. కింద ఉన్నది అడవి కాదు, కొలిమి. నేలమీద వేడి దాదాపు 465 డిగ్రీల సెల్సియస్. సీసం పెడితే నీళ్లలా కరిగిపోతుంది. గాలి ఒత్తిడి భూమ్మీదకన్నా 92 రెట్లు. అంటే సముద్రంలో సుమారు కిలోమీటరు లోతున ఉన్నట్టు! ఆ మేఘాల్లో ఉన్నది నీళ్లు కాదు, సల్ఫ్యూరిక్ ఆమ్లం.

మూత తెచ్చిన తంటా

అయినా సోవియట్ శాస్త్రవేత్తలు పట్టు వదల్లేదు. మొదట పంపిన వెనెరా నౌకలు నేలను తాకేలోపే మూగబోయాయి. 1970 డిసెంబరు 15న వెనెరా-7 దిగుతుండగా పారాచూట్ దెబ్బతింది. నేలకు తగిలాక సంకేతం ఆగిపోయిందనే అంతా అనుకున్నారు. తర్వాత రికార్డు చేసిన టేపుల్ని జల్లెడ పడితే, 23 నిమిషాలపాటు అతి బలహీనమైన సంకేతం వినిపించింది. మరో గ్రహం నేలమీద నుంచి మనిషికి అందిన తొలి కబురు అదే.

1975లో వెనెరా-9 తొలి ఫొటో పంపింది. 1978లో వెళ్లిన వెనెరా-11, 12లు మాత్రం ఒక్క ఫొటో కూడా తీయలేకపోయాయి. కారణం... కెమెరాల మీది మూతలు ఊడిరాలేదు! 1982 మార్చిలో వెనెరా-14 మూతలు చక్కగా ఊడాయి. కానీ ఒకటి వెళ్లి, నేల గట్టిదనం కొలిచే చేయి దిగాల్సిన చోటే పడింది. కోట్ల కిలోమీటర్లు ప్రయాణించిన ఆ చేయి తీరా కొలిచింది తన మూతనే!

దానికి నాలుగు రోజుల ముందు దిగిన వెనెరా-13దే ఆ 127 నిమిషాల రికార్డు. అది 32 నిమిషాలు పనిచేస్తే చాలనుకున్నారట. అది పంపిన రంగుల ఫొటోల్లో పలకలు పలకలుగా పరుచుకున్న బండలు కనిపిస్తాయి. చూడ్డానికి మన ఊళ్లలో నాపరాళ్లు పరిచిన అరుగులాగే ఉంటుంది.

రహస్యం నాపరాళ్లలోనే!

కానీ అవి నాపరాళ్లు కావు, గడ్డకట్టిన లావా. అసలు తేడా అంతా అక్కడే ఉంది. తాండూరు, బేతంచెర్ల నాపరాయి నిజానికి సున్నపురాయి. ఒకప్పుడు గాలిలో ఉన్న బొగ్గుపులుసు వాయువు సముద్రపు నీటిలో కరిగి, కోట్ల ఏళ్లలో ఇలా రాయిగా మారింది. భూమి రాళ్లలో దాచుకున్న ఆ వాయువునంతా బయటికి తీస్తే, ఇంచుమించు శుక్రుడి గాలిలో ఉన్నంత అవుతుంది. ఇద్దరిదీ ఒకటే ఆస్తి. భూమి దాన్ని నేలమాళిగలో పెట్టి తాళం వేసింది. నీళ్లు పోగొట్టుకున్న శుక్రుడికి ఆ వీలు లేకపోయింది. అందుకే అక్కడి గాలిలో 96 శాతానికి పైగా బొగ్గుపులుసు వాయువే. ఎండలో అద్దాలు బిగించిన కారులా, వచ్చిన వేడిని బయటికి పోనివ్వదు. సూర్యుడికి ఇంకా దగ్గరగా ఉన్న బుధుడికన్నా శుక్రుడే వేడిగా ఉండటానికి కారణమిదే.

భూతాపం గురించి 1988లో అమెరికా సెనేట్ కమిటీ ముందు హెచ్చరించిన నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సన్ అంతకుముందు పరిశోధించింది శుక్రుడి మేఘాల మీదే. భూమి రేపటికి రేపు శుక్రుడైపోదు. కానీ బొగ్గు కాల్చినప్పుడూ, సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చినప్పుడూ మనం తెరుస్తున్నది ఆ నేలమాళిగ తలుపునే. గాలిలో ప్రతి 10 లక్షల పాళ్లకు 1958లో 315 పాళ్లున్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది.

లక్ష్మి కొలువైన చోటు

1990 నుంచి 1994 దాకా అమెరికా నౌక మాజిలాన్ రాడార్‌తో మేఘాల్ని చీల్చి, 98 శాతం నేలకు పటం గీసింది. శుక్రుడి మీది ప్రదేశాలకు దాదాపు అన్నిటికీ స్త్రీల పేర్లే. ఓ పెద్ద పీఠభూమి పేరు లక్ష్మి. పాశ్చాత్య వైద్యంలో పట్టా అందుకున్న తొలి భారతీయ మహిళల్లో ఒకరైన ఆనందీబాయి జోషి పేరుతోనూ ఓ బిలం ఉంది.

ఇక మన వంతు. ఇస్రో శుక్రయాత్రకు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 1,236 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ప్రయోగానికి 2028 మార్చిని లక్ష్యంగా పెట్టుకున్నారు. ఆ నౌక కిందికి దిగదు. చుట్టూ తిరుగుతూ శుక్రుడి నేలనూ గాలినీ పరిశీలిస్తుంది.

తెల్లవారుజామున వేగుచుక్క కనబడితే ఓ క్షణం ఆగి చూడండి. తర్వాత కాళ్ల కింది నాపరాయిని కూడా. భూమి చల్లగా ఉండటం వెనక దాని పుణ్యమూ ఉంది మరి!