రెండు గప్పీలు కొంటే ఎన్ని కొన్నట్టు?

పుట్టినరోజుకో, పరీక్షల్లో మంచి మార్కులు వచ్చాయనో పిల్లలకు గప్పీ చేపల జత కొనివ్వడం ఇప్పుడు మామూలైపోయింది. చెన్నై కొళత్తూరులోని రంగుచేపల బజారు నుంచి తెచ్చినా, మన వీధి చివర కొట్లో కొన్నా ధర తక్కువే. చూడడానికి ముచ్చటగా ఉంటాయి, అంత తొందరగా చావవన్న పేరూ ఉంది. అయితే కొనేముందు తల్లిదండ్రులు ఒక సంగతి తెలుసుకోవాలి. కొట్లో మగచేపల మధ్య పెరిగిన ఆడ గప్పీ చాలావరకు కడుపుతోనే మన ఇంటికి వస్తుంది. పైగా ఒక్కసారి మగచేపతో కలిస్తే ఆ బీజాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుని, పక్కన మగచేప లేకపోయినా మళ్లీ మళ్లీ పిల్లల్ని కనగలదు. కాబట్టి మనం కొన్నది రెండు చేపల్ని కాదు.

ఇందులో ఉపాధ్యాయులకు పనికొచ్చే విషయం కూడా ఉంది. చేపలు గుడ్లు పెడతాయని, అవి అండోత్పాదకాలని చెబుతాం. గప్పీ ఆ వరుసలో ఇమడదు. గుడ్డు తల్లి కడుపులోనే పొదిగి, ఈదే పిల్లగా బయటికొస్తుంది. దాదాపు నాలుగు వారాలకోసారి, ఒక్కో కాన్పులో ఇరవై ముప్ఫై పిల్లలు సామాన్యం. పెద్ద తల్లి అయితే ఇంకా ఎక్కువ. మా ఆరో తరగతిలో ఒకమ్మాయి 'మా గప్పీ ఈనింది సార్' అంది. ఆవుకూ గేదెకూ వాడే మాట చేపకు వాడినందుకు తోటిపిల్లలు నవ్వారు. నాకైతే అంతకంటే సరైన మాట తోచలేదు.

ఇక ఆ పిల్లల సంగతి. ఆరేడు మిల్లీమీటర్ల పొడవు, రెండు కళ్లు, ఒక తోక. పుట్టిన కాసేపటికే ఈదుతాయి, తింటాయి. వాటికి మొదటి శత్రువు కన్నతల్లే. ఆకలిగా ఉంటే దొరికిన పిల్లను మింగేస్తుంది. ఇది చూసి పిల్లలు ఏడుస్తారని దాచిపెట్టే తల్లిదండ్రులున్నారు. దాచకూడదనే నేనంటాను. తల్లికి అది తన పిల్ల అని తెలియదని, కదిలే చిన్న వస్తువు తిండిలా కనబడుతుందని చెబితే పదేళ్ల పిల్లలకు అర్థమవుతుంది. ఈనబోయే తల్లిని చిన్న ప్లాస్టిక్ పెట్టెలో రోజుల తరబడి బంధించడం మాత్రం నాకు నచ్చదు. ఆ ఇరుకులో అది బెదిరిపోతుంది. తొట్టిలో దట్టంగా నాచు వేస్తే చాలు, కొన్ని పిల్లలు దాక్కుని బతుకుతాయి.

పిల్లలు చచ్చిపోయేది ఎక్కువగా నీళ్లవల్ల, అతిగా వేసిన తిండివల్ల. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పు బకెట్లో ఒక రోజంతా మూతలేకుండా ఉంచితే అది పోతుంది. కొన్ని ఊళ్ల సరఫరాలో క్లోరమిన్ కలుపుతారు, అది అలా పోదు. అలాంటిచోట కొట్లో అమ్మే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాల్సిందే. తాగడానికి పెట్టుకున్న ఆర్‌వో నీళ్లు శుభ్రమైనవి కదా అని పోస్తారు. గప్పీకి కాస్త గట్టి నీళ్లే నయం, చాలా ఊళ్ల బోరు నీళ్లు సరిపోతాయి. పిల్లలకు వేరే తొట్టి పెడితే తల్లి ఉన్న తొట్టి నీళ్లే అందులో నింపాలి. ఆ తర్వాత రోజు విడిచి రోజు నాలుగో వంతు మాత్రమే మార్చాలి. 'మురికిపట్టింది' అని ఆదివారం పూట తొట్టి మొత్తం కడిగేసే ఇళ్లలోనే సోమవారం చేపలు తేలుతుంటాయి. చేపల మలంనుంచి, తినకుండా మిగిలిన తిండినుంచి వచ్చే అమ్మోనియాను విరిచే సూక్ష్మజీవులు స్పాంజి ఫిల్టర్లో కాపురముంటాయి. అవి స్థిరపడడానికి కొత్త తొట్టిలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. స్పాంజిని కుళాయి కింద రుద్దితే వాటిని చంపినట్టే. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. ఫిల్టరు లేని గుండ్రటి గాజు గిన్నె చేపలకు ఇల్లు కాదు. దాన్ని పిల్లల చేతికి అంటగట్టే అమ్మకందార్లమీద నాకు గౌరవం లేదు.

తిండి రోజుకు మూడు నాలుగుసార్లు, చిటికెలో చిటికె. మామూలు చేపల మేతను వేళ్లమధ్య మెత్తగా నలిపితే సరిపోతుంది. ఉడికించిన గుడ్డు పచ్చసొన వేయొచ్చు గానీ, సూది మొనంత దాటితే నీళ్లు కంపుకొడతాయి. అన్నిటికంటే మంచిది ఆర్టీమియా పిల్లలు. యానాం, కాకినాడ వైపు పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు, రొయ్య పిల్లల హేచరీల్లో వాడేది అదే. ఉప్పునీళ్లలో గుడ్లు వేసి గాలి పెడితే ఒకటి ఒకటిన్నర రోజుల్లో పొదుగుతాయి. బెంగళూరు, హోసూరులాంటి చల్లని ఊళ్లలో చలికాలం రాత్రి నీళ్లు బాగా చల్లబడతాయి కాబట్టి హీటరు కావాలి. తొట్టిలో చేయిపెట్టేముందు ప్లగ్గు తీయడం పిల్లలకు మొదటిరోజే అలవాటు చేయండి.

ఇంత జాగ్రత్తపడితే ఏమవుతుందంటే, పిల్లలన్నీ బతుకుతాయి. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. ముప్ఫై బతికి, అందులో పదిహేను ఆడవైతే, రెండు మూడు నెలలకు ఆ పదిహేనూ ఈనుతాయి. ఒక్కోదానికి ముప్ఫై చొప్పున నాలుగువందల యాభై. తొట్టి చూస్తే నలభై లీటర్లది. ఈ లెక్కను గణితం పీరియడ్లో పిల్లలచేతే వేయించాలని నా సలహా.

అప్పుడు ఎక్కువమంది చేసే పని, పాలిథిన్ సంచిలో పట్టుకెళ్లి చెరువులోనో కాలువలోనో వదిలేయడం. దోమ లార్వాలను తింటాయి కదా, పుణ్యమే కదా అంటారు. కొన్ని బడుల్లో దాన్ని పర్యావరణ కార్యక్రమంగా ఫొటోలు కూడా తీస్తున్నారు. గప్పీ దక్షిణ అమెరికా ఉత్తర తీరం, ట్రినిడాడ్ ప్రాంతాల చేప. దోమల కోసమని మన దేశానికి తెచ్చి వందేళ్లు దాటింది. మురుగులో సైతం బతుకుతుంది. ఎక్కడ వదిలినా కాపురం పెట్టేస్తుంది. ఆరోగ్యశాఖ సిబ్బంది చూసి, ఎంచి వేయడం వేరు. మనం తోచినచోట కుమ్మరించడం వేరు. మన చెరువుల్లో తలమీద వెండి చుక్కతో నీటిపైనే తిరిగే చిన్న చేప ఉంది. దోమ లార్వాలను అదీ తింటుంది. దాని చోటులోకి, దాని తిండి దగ్గరకు మన గప్పీలను, వాటితోపాటు తొట్టిలోని రోగాలను పంపడం ఏ పుణ్యం కిందికి వస్తుందో నాకు తెలియదు.

మరేం చేయాలి? మొదటి కాన్పులో పిల్లలు ఏరిన ఐదారింటిని మాత్రం వేరే తొట్టిలో పెంచి, మిగతావాటిని తల్లి దగ్గరే వదిలేయండి. కఠినంగా వినిపిస్తుంది, కానీ చెరువులో వదిలే దయకంటే ఇదే నయం. మూడు నాలుగు వారాలకు మగపిల్లల కింది రెక్క సన్నగా, మొనతేలి కనబడుతుంది, తోకకు రంగు వస్తుంది. ఆడవాటికి పొట్ట చివర నల్లమచ్చ. అప్పటినుంచి వారానికోసారి చూస్తూ మగవాటిని వేరుచేయాలి. ఇంట్లో మగవాటిని మాత్రమే ఉంచుకుంటే పిల్లల బెడదే లేదు, రంగులూ వాటికే ఎక్కువ. కొత్తగా కొనేవారు రెండు మగచేపలే అడగండి.

బడి తొట్టి విషయంలో ఒక అభ్యంతరం ఉంది. పెద్ద చేపలు శని ఆదివారాలు మేత లేకపోయినా తట్టుకుంటాయి. వారం వయసు పిల్లలు తట్టుకోవు. దసరాకో సంక్రాంతికో బడి మూసి తాళం ఎవరి దగ్గరుందో తెలియనిచోట పిల్లచేపల్ని పెంచకూడదు. అవి ఇంట్లోనే పెరగాలి, బడికి వాటి నోటుపుస్తకం రావాలి. తేదీ, నీళ్లు ఎంత మార్చారు, ఎన్నిసార్లు మేత వేశారు, ఎన్ని బతికున్నాయి. రోజుకు రెండు వాక్యాలు, తెలుగులో.