ఏ టూల్ నేర్చుకోవాలి? ముందు ఐకేపీ సెంటర్‌కు వెళ్లి చూడండి

ఈమధ్య ఫ్రెషర్ల ఉద్యోగ ప్రకటనలు చదువుతున్నారా? ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్, బ్యాక్ ఆఫీస్ అసోసియేట్, హెచ్ఆర్ కోఆర్డినేటర్.. పోస్టు ఏదైనా అర్హతల చివర ఒక వాక్యం కనిపిస్తోంది. ‘వర్క్‌ఫ్లో ఆటోమేషన్ టూల్స్ తెలిసి ఉంటే ప్రాధాన్యం.’ కింద పేర్లు కూడా ఉంటున్నాయి: జాపియర్, పవర్ ఆటోమేట్, ఎన్ఎయిట్ఎన్, జోహో ఫ్లో, యూఐపాత్. కోడింగ్ ఉద్యోగాలకే కాదు, బీకాం, బీబీఏ వాళ్లు చేరే పోస్టులకు కూడా ఇదే అడుగుతున్నారు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మేలో, నల్గొండలో అదే ఏడాది అక్టోబరులో ఐటీ టవర్లు మొదలయ్యాయి. ఊరికి దగ్గర్లోనే ఉద్యోగం అనుకునేవాళ్లకు ఆశ పెరిగింది. దానితోపాటు ‘మరి ఏ టూల్ నేర్చుకోవాలి?’ అన్న ప్రశ్న కూడా.

అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకుని, ఫీజు కట్టి ఒక టూల్ కోర్సు చేసేముందు ఒక మాట. కంపెనీలు టూల్ పేరు రాస్తున్నాయి కానీ, ఇంటర్వ్యూలో అవి వెతికేది వేరు. ఒక టీమ్‌లో పని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఎలా వెళ్తుంది, ఎక్కడ ఆగుతుంది, ఆగిన చోట సాఫ్ట్‌వేర్ పనికొస్తుందా రాదా.. ఇది చెప్పగలిగినవాళ్లకు టూల్ నేర్పడం వారం రోజుల పని. టూల్ ఒక్కటే తెలిసినవాళ్లకు ఇది నేర్పడానికి ఎంతకాలం పడుతుందో చెప్పలేం.

దీనికి మన దగ్గర ఉన్నంత మంచి పాఠం ఏ వీడియోలోనూ లేదు.

కాంటా దగ్గర ఆగిందా, లారీ దగ్గర ఆగిందా?

యాసంగి కోతలప్పుడు నల్గొండ జిల్లాలో ఏ ధాన్యం కొనుగోలు కేంద్రానికైనా వెళ్లండి. రైతు వడ్లు తెచ్చి ఆరబోస్తాడు. తేమ 17 శాతం దాటకూడదు కాబట్టి మీటరుతో చూస్తారు. తాలు, మట్టి లేకుండా తూర్పార పట్టాక వరుస వస్తుంది. హమాలీలు 40 కిలోల సంచులకు ఎత్తి కాంటా వేస్తారు. లారీ వస్తే లోడు చేసి, ట్రక్ షీట్ రాసి మిల్లుకు పంపుతారు. అక్కడ సంచులు దిగి, మిల్లరు అందినట్టు ఒప్పుకోవాలి. వివరాలు ట్యాబ్‌లో, ఆన్‌లైన్‌లో ఎక్కాలి. అప్పుడు రైతు ఖాతాలో పైసలు పడతాయి.

ఇది అచ్చమైన వర్క్‌ఫ్లో. ఏడెనిమిది చేతులు మారుతుంది. మహిళా సంఘం సభ్యులు, హమాలీలు, లారీ కాంట్రాక్టర్, మిల్లరు, పౌరసరఫరాల శాఖ, బ్యాంకు.. ఒకరి కింద ఒకరు పనిచేసేవాళ్లు కాదు. కార్పొరేట్ ఆఫీసుల్లో ‘క్రాస్ ఫంక్షనల్ టీమ్’ అని గొప్పగా చెప్పేది ఇదే.

ఇప్పుడు మీకు ఒక పరీక్ష. రైతుకు డబ్బు ఆలస్యమవుతోంది. మీ చేతికి ఒక ఆటోమేషన్ టూల్ ఇచ్చారు. ఎక్కడ పెడతారు? చాలామంది వెంటనే ‘ట్యాబ్ ఎంట్రీ దగ్గర’ అంటారు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్ కనిపించే చోటు అదొక్కటే. సరే, ఎంట్రీకి పది నిమిషాలు పడుతోందనుకుందాం. దాన్ని రెండు నిమిషాలకు తగ్గించారు. లారీ మాత్రం రెండు రోజులకు వస్తోంది. రైతుకు ఒరిగిందేమిటి? ఎనిమిది నిమిషాలు. మిర్యాలగూడ వైపు మిల్లుల ముందు లారీలు దిగుమతి కోసం బారులు తీరితే, ఆ ఖాళీ కాని లారీలే కేంద్రానికి తిరిగి రావాలి. అంటే ఆగింది డేటా కాదు, వాహనం. అక్కడ పనికొచ్చేది ఏ మిల్లులో ఎన్ని లారీలు ఎదురుచూస్తున్నాయో ముందుగా తెలిసి, తర్వాతి లారీని ఖాళీగా ఉన్న మిల్లుకు మళ్లించే ఏర్పాటు. దానికి ఒక షేర్డ్ షీటు, మిల్లు గేటు దగ్గర ఫోన్ పట్టుకున్న ఒక మనిషి సరిపోవచ్చు. హమాలీల కొరతే అసలు కారణమైతే అదీ పనిచేయదు. అప్పుడు ‘ఇక్కడ సాఫ్ట్‌వేర్ అవసరం లేదు సార్’ అని చెప్పడమే సరైన సమాధానం. ఇంటర్వ్యూలో ఈ మాట చెప్పే ధైర్యం ఫ్రెషర్లకు తక్కువ. చెప్పినవాళ్లు గుర్తుంటారు.

ఒకే పథకం, రెండు టూల్స్

ఉపాధి హామీ పథకం మొదటి విడతలోనే, 2006లో నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు వచ్చింది. కూలి డబ్బులు పోస్టాఫీసు ద్వారా అందేవి. ఆలస్యాలు, మధ్యలో మాయమవడాలు మామూలే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చింది. వాటిని ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత ఇవ్వాలో లాటరీ పద్ధతిలో తేల్చి, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ఫలితం కొలిచారు. ఎనిమిది జిల్లాల్లో 157 మండలాలు, కోటీ 90 లక్షల జనాభా. నల్గొండ వాటిలో ఒకటి. అధ్యయనం 2016లో అచ్చయింది. కూలి అందే ఆలస్యం 29 శాతం తగ్గింది. దారిలో పోయే సొమ్ము 41 శాతం తగ్గింది. పని దొరకడం మాత్రం ఎవరికీ తగ్గలేదు.

ఇందులో టెక్నాలజీ కంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. రెండేళ్ల తర్వాత కూడా దాదాపు సగం చెల్లింపులే కొత్త పద్ధతికి మారాయి. వేలిముద్ర పడకపోతే, కార్డు లేకపోతే పాత పద్ధతిలో డబ్బు ఇచ్చే దారి మూసేయలేదు. మిషన్ ‘కాదు’ అంటే మనిషి ‘సరే’ అనగలిగాడు. అదే పరిశోధకులు తర్వాత జార్ఖండ్ రేషన్ దుకాణాల్లో ఆధార్ వేలిముద్రను తప్పనిసరి చేసినప్పుడు ఏం జరిగిందో చూశారు. దుర్వినియోగం సగటున తగ్గలేదు. ఆధార్ లింకు కాని కుటుంబాలకు సరుకులు తగ్గాయి. అటూ ఇటూ వేలిముద్రే. మరి తేడా ఎక్కడ? మినహాయింపుకు దారి ఉందా లేదా అన్నదాంట్లో.

రెండో టూల్ సంగతి చూడండి. అదే ఉపాధి హామీలో 2023 జనవరి 1 నుంచి హాజరు కోసం మొబైల్ యాప్ తప్పనిసరి చేశారు. పనిచోట రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి, లొకేషన్‌తో అప్‌లోడ్ చేయాలి. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాయాల్సి వచ్చింది: సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు ఎక్కుతున్నాయని, ఇకపై మనుషులు వాటిని తనిఖీ చేయాలని. యాప్ అడిగింది ఫొటో. వచ్చింది ఫొటో. పని జరిగిందా అన్నది యాప్ అడగలేదు. పైగా తగ్గాల్సిన పని పెరిగింది, లక్షల ఫొటోలు చూసే కొత్త డ్యూటీ పడింది.

ఇంకో ఉదాహరణ చాలా చిన్నది, నాకు అన్నిటికంటే నచ్చింది. 2018లో రైతుబంధు మొదటి విడత చెక్కులు 57 లక్షల మంది రైతులకు పంచారు. కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు ముందే ఒక విషయం చెప్పారు: ‘చెక్కు అందిందా అని మీ రైతులకు ఫోన్ చేసి కనుక్కుంటాం.’ అంతే. కొత్త యాప్ లేదు, ట్యాబ్ లేదు. చెక్కు అందని రైతుల సంఖ్య ఆ మండలాల్లో 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి రూపాయికీ అయిన ఖర్చు 3.6 పైసలు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, సమస్య అనగానే యాప్ అనేవాళ్లకు ఈ లెక్క చూపించొచ్చు.

ఇక టూల్స్ మాట

పని దారి అర్థమయ్యాక టూల్ ఎంపిక నిజంగానే ముఖ్యం. అక్కడ చూడాల్సింది డెమోలో మెరిసే ఫీచర్లు కాదు. లెక్క, పరిమితి, బయటపడే దారి.

లెక్క అంటే ఇది. ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో రోజుకు 200 ఫారాలు వస్తాయనుకోండి. ఒక్కో ఫారం వచ్చాక నాలుగు పనులు జరగాలి: షీట్‌లో ఎక్కడం, రోగికి మెసేజ్, ల్యాబ్‌కు మెయిల్, బిల్లు. నెలకు 25 పనిదినాలు. జాపియర్ జరిగిన ప్రతి పనినీ ఒక టాస్క్‌గా లెక్కగడుతుంది, అంటే నెలకు 20,000. ఎన్ఎయిట్ఎన్ మొత్తం గొలుసు ఒకసారి నడిస్తే ఒకటిగా లెక్కిస్తుంది, అంటే 5,000. ఎన్ఎయిట్ఎన్‌ను సొంత సర్వర్‌లో పెట్టుకుంటే ఆ చందా కూడా ఉండదు. కానీ సర్వర్ అద్దె, అప్‌డేట్లు, బ్యాకప్, రాత్రి ఆగిపోతే లేచి చూసేవాళ్లు? ఐదుగురు ఉన్న ఆఫీసులో ఆ ‘ఎవరో’ మీరే అవుతారు. మైక్రోసాఫ్ట్ 365 వాడే కంపెనీలో పవర్ ఆటోమేట్ సహజంగా కుదురుతుంది. అయితే బయటి సాఫ్ట్‌వేర్లను కలిపే చాలా కనెక్టర్లు ప్రీమియం కిందకు వస్తాయి, వాటికి వేరే లైసెన్సు. ఈ సంగతి చాలామందికి సగం పని కట్టాక తెలుస్తుంది.

పరిమితి గురించి బ్రిటన్‌ను అడగాలి. 2020 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో అక్కడ 15,841 కొవిడ్ పాజిటివ్ కేసులు జాతీయ లెక్కలోకి రాలేదు. ల్యాబుల నుంచి వచ్చిన వివరాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి మార్చారు. దాంట్లో ఒక షీట్‌కు 65,536 వరుసలే పడతాయి. మిగతావి చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. ఆ రోగులను కలిసినవాళ్లను వెతకడం రోజుల తరబడి ఆలస్యమైంది. మీ స్థాయిలో కూడా ఇలాంటివే ఉంటాయి. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ కోసం గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌తో మెయిళ్లు పంపుతారు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి అయితే రోజుకు వంద మందికే వెళ్తాయి. 101వ విద్యార్థికి డ్రైవ్ సంగతి తెలియదు. ఆ విద్యార్థి మీ స్నేహితుడే కావొచ్చు.

వాట్సాప్ గురించి విడిగా చెప్పాలి, మన దగ్గర సగం ఆఫీసులు దానిమీదే నడుస్తున్నాయి. దాన్ని ఆటోమేట్ చేయడానికి అధికారిక బిజినెస్ ప్లాట్‌ఫామ్ ఉంది. కంపెనీ ముందుగా పంపే మెసేజీల నమూనాకు అనుమతి తీసుకోవాలి, మెసేజీలకు ఛార్జీ ఉంటుంది. ‘ఉచితంగా బల్క్ మెసేజ్’ అనే అనధికార టూల్స్ వాడితే నంబరే బ్లాక్ కావొచ్చు. దుకాణదారుకు ఆ నంబరంటే ఇరవై ఏళ్ల గిరాకీ. యూఐపాత్ లాంటి ఆర్‌పీఏ టూల్స్ మనిషిలా స్క్రీన్ మీద బటన్లు నొక్కుతాయి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో బటన్ చోటు మారితే పని ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. పాత సాఫ్ట్‌వేర్‌లోకి వేరే దారి లేనప్పుడే వాటి అవసరం.

మరి జోహో? తమిళనాడులోని తెన్‌కాశి లాంటి చిన్న పట్టణం పక్క పల్లె నుంచి కూడా ఇలాంటి ఉత్పత్తులు తయారుచేయొచ్చని చూపిన కంపెనీ అది. 2025 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ తన అధికారులను జోహో ఆఫీస్ సూట్ వాడమంది. మన చిన్న వ్యాపారాల్లో జోహో తెలిసినవాళ్ల అవసరం పెరుగుతుందని నా అంచనా. అయినా స్వదేశీ అన్న ఒక్క మాటతో ఎంచుకోవద్దు, పైన చెప్పిన లెక్కలు దానికీ వేయాలి.

రెజ్యూమెలో ఏం రాయాలి?

ఏదో ఒక నిజమైన పని పట్టుకోండి. మీ ఊరి పాల కేంద్రం, బాబాయి ఎరువుల దుకాణం, నల్గొండ బత్తాయి మార్కెట్‌లో తెలిసిన కమీషన్ ఏజెంటు, మీ కాలేజీ లైబ్రరీ.. ఏదైనా సరే. రెండు రోజులు పక్కన కూర్చుని ఎవరు ఎవరికి ఏం ఇస్తున్నారో, ఎంతసేపు ఆగుతోందో కాగితం మీద రాయండి. ఒక్క చోట మాత్రమే ఆటోమేట్ చేయండి. ముందు ఎంత టైమ్ పట్టేది, తర్వాత ఎంత పడుతోంది, ఎన్నిసార్లు తప్పు పోయింది.. రాసుకోండి. ‘జాపియర్, ఎన్ఎయిట్ఎన్ తెలుసు’ అనే వాక్యం పక్కన ‘ఎరువుల దుకాణంలో బాకీల గుర్తింపు రోజుకు గంటన్నర నుంచి ఇరవై నిమిషాలకు తగ్గింది, మొదటి వారం మూడుసార్లు తప్పు మెసేజ్ వెళ్లింది, ఇలా సరిచేశాను’ అనే వాక్యం పెట్టి చూడండి. మీరే మేనేజరైతే ఎవరిని పిలుస్తారు?

చాట్‌జీపీటీ లాంటి ఏఐ సాయంతో స్క్రిప్టు రాయించుకున్నా తప్పులేదు, అందరూ అదే చేస్తున్నారు. కానీ అందులో ప్రతి వరుస ఏం చేస్తుందో మీ నోటితో చెప్పగలగాలి. ఇక ప్రాజెక్టు కోసమని రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఓపెన్ షీట్‌లో పెట్టి లింకు అందరికీ పంపొద్దు. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలు ఇప్పుడు ఈ విషయంలో జాగ్రత్త పడుతున్నాయి, ఇంటర్వ్యూలో దీనిమీద ప్రశ్న వచ్చే అవకాశం ఉంది.

ఇంటర్వ్యూలో ఎదురయ్యే ఇంకో ప్రశ్న: ‘మీరు కట్టిన ఫ్లో అర్ధరాత్రి ఫెయిలైతే ఎవరికి తెలుస్తుంది?’ ధరణి పోర్టల్ 2020 అక్టోబరులో వచ్చాక రైతులు పడిన బాధలో పెద్ద భాగం ఇదే. రికార్డులో తప్పు పడితే కింది స్థాయిలో దిద్దే దారి లేక కలెక్టరేట్ల చుట్టూ తిరిగారు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతిలో అప్పీలు వ్యవస్థ పెట్టాల్సి వచ్చింది. మీ చిన్న ప్రాజెక్టులో కూడా తప్పు జరిగినప్పుడు ఒక మనిషి ఫోన్‌కు మెసేజ్ వెళ్లేలా, ఆ మనిషి చేత్తో సరిచేయగలిగేలా ఒక దారి పెట్టండి. అలాగే డేటా మొత్తాన్ని సీఎస్‌వీ ఫైల్‌గా దింపుకునే వీలుందో లేదో చందా కట్టకముందే, ఉచిత ట్రయల్‌లోనే ఒకసారి దింపి చూసుకోండి.