ఆడినవాడికి నేర్పడం కూడా నేర్పుదాం

పోయిన నెల మా బడి కమిటీ కూర్చున్నప్పుడు మరుగుదొడ్ల రిపేరు సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. ఫుట్‌బాల్ నేర్పే అన్న సంగతికి గంట పట్టింది. శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున మా పిల్లలకు ఆట నేర్పుతున్న ఒక మాజీ ఆటగాడికి నెలకు కొంత గౌరవ వేతనం ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న. ‘ఆయన దగ్గర సర్టిఫికెట్ ఏముంది?’ అన్నారు ఒకరు. ‘అంత బాగా ఆడినవాడికి సర్టిఫికెట్ ఎందుకు?’ అన్నారు ఇంకొకరు. నాకు ఇద్దరి మాటా రుచించలేదు. ఎందుకో ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. కోలారు జిల్లాలో మనలాంటి చిన్న బడులు చాలావాటికి ఈ ప్రశ్న ఈరోజో రేపో ఎదురవుతుంది కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ అన్న గురించి. పేరు వద్దన్నాడు. కేజీఎఫ్‌లో గని కార్మికుడి కొడుకు. తెలుగు మీడియంలో ఎనిమిది దాకా చదివాడు. బెంగళూరు క్లబ్బుల్లో జీతానికి ఆడాడు. మోకాలు పోయింది, ఆట పోయింది. ఇప్పుడు బెంగళూరులో ఒక అపార్ట్‌మెంట్ దగ్గర సెక్యూరిటీ పని. మారికుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి, చీకటి పడ్డాక దిగే వేలమందిలో ఒకడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తర్వాత మన ఊరి బతుకు ఆ రైలు మీదే కదా నడుస్తోంది.

గనులు నడిచిన రోజుల్లో ఇక్కడ ఆటకు కరువు లేదని పెద్దవాళ్లు చెబుతారు. తెల్లదొరలు తమ కోసం మైదానాలు వేసుకున్నారు, క్లబ్బులు పెట్టుకున్నారు. షిఫ్టు దిగిన కార్మికుల పిల్లలు గట్టు మీద నిలబడి చూసి ఆట పట్టారు. హాకీ, ఫుట్‌బాల్ రెండూ అట్లాగే వచ్చాయి. బాగా ఆడితే కంపెనీలో ఉద్యోగం దొరికేది. బెంగళూరులో హెచ్‌ఏఎల్, ఐటీఐ వంటి సంస్థలకు సొంత జట్లు ఉండేవి. ఆట ఆగిపోయాక అదే సంస్థలో గుమాస్తాగానో, ఫిట్టరుగానో రిటైరయ్యేదాకా గడిచిపోయేది. ఆ దారి సన్నబడింది. ఇప్పుడు ముప్పై అయిదేళ్లకే ఆట ముగిసినవాడి చేతిలో ఉద్యోగం ఉండదు, చదువు ఉండదు. తెలిసిందల్లా బంతి ఒక్కటే. అటువంటివాడికి కోచింగ్ ఒక్కటే సహజమైన రెండో బతుకు. మరి ఆ బతుకులోకి మెట్లు ఎక్కడున్నాయి?

మొదటి నెల మా మైదానంలో జరిగింది దాచకుండా చెబుతాను. అన్న అరిచేవాడు. ఏడో తరగతి పిల్లవాడు బొటనవేలితో బంతిని పొడిస్తే, ‘ఇట్లా కాదురా, ఇట్లా!’ అని తాను తన్ని చూపించేవాడు. బంతి పోయి సరిగ్గా అనుకున్న చోట పడేది. పిల్లవాడు నోరు తెరుచుకుని చూసేవాడు, మళ్లీ బొటనవేలితోనే పొడిచేవాడు. ఆ ‘ఇట్లా’లో ఏముందో అన్న చెప్పలేడు. ఆయన కాలికి తెలుసు, నోటికి తెలియదు. మూడో వారానికి ఇరవై ఎనిమిది మందిలో పదకొండు మంది మిగిలారు.

ఇది ఆటకే ఉన్న జబ్బు కాదు. ఎమ్మెస్సీ లెక్కల్లో ఫస్ట్ క్లాసు వచ్చినవాళ్లు భిన్నాలు చెప్పలేక చెమటలు కక్కడం నేను స్టాఫ్ రూములో చూశాను. తనకు సులువుగా వచ్చిన పని పక్కవాడికి ఎందుకు రావడం లేదో ఊహించడం చాలా కష్టం. మనకు బీఎడ్ పెట్టింది అందుకే. మైక్రో టీచింగ్ అని అయిదారు నిమిషాల పాఠం చెప్పించి, వెనక కూర్చున్నవాళ్ల చేత తప్పులు రాయించారే, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు అర్థమవుతోంది దాని విలువ. ప్రపంచంలో అంత గొప్పగా ఆడిన మారడోనా 2010 ప్రపంచకప్‌లో అర్జెంటీనాకు కోచ్‌గా వెళ్తే, క్వార్టర్ ఫైనల్లో జర్మనీ చేతిలో 4-0తో ఓడి ఇంటికొచ్చారు. ఆట వేరు, నేర్పు వేరు. అందుకే ‘బాగా ఆడాడు, చాలదా?’ అన్న సభ్యుడి మాట నాకు నచ్చలేదు.

కానీ ‘సర్టిఫికెట్ లేదు, పంపించేయండి’ అన్న మాట అంతకంటే నచ్చలేదు. ఎందుకో చెప్పడానికి హైదరాబాదు దాకా వెళ్లాలి.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు ఇప్పుడు మైదాన్ సినిమా వల్ల కొందరికైనా తెలిసింది. ఆయన బడిపంతులు అన్న సంగతి మాత్రం మన ఉపాధ్యాయులే మరిచిపోయారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును చేతిలోకి తీసుకున్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసకు పంపి గోల్ కొట్టించింది ఆ ఆటలోనే. అప్పటికే రహీమ్‌కు క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు.

పతకాల లెక్క కంటే నాకు ఆయన పిల్లలకు పెట్టిన పోటీలే ఎక్కువ ఇష్టం. హైదరాబాదులో కుర్రవాళ్లకు ఆయన వింత నియమాలతో ఆటలు పెట్టేవారు. ఒక పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. ఇంకో పోటీలో బంతిని కాలితో నడిపించుకుంటూ పోకూడదు, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. పదకొండు మంది బదులు అయిదుగురు, ఏడుగురు ఆడే పోటీలూ ఉండేవి. ఏ పిల్లవాడికి ఏది రాదో చూసి, ‘నీకు ఎడమకాలు రాదు’ అని తిట్టకుండా, ఎడమకాలు తప్ప దారి లేని ఆట తయారుచేసి ఇవ్వడం కదా ఇది! మంచి లెసన్ ప్లాన్ అంటే ఇంతకు మించి ఏముంటుంది?

సికింద్రాబాదు అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ కథ కూడా అంతే. పేదింటి పిల్లవాడు. ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ అద్దె డబ్బు రహీమ్ సాబే ఇచ్చేవారని ఆయన తలుచుకునేవారు. ఆ పిల్లవాడే 1956, 1960 ఒలింపిక్స్ ఆడాడు, 1962 బంగారు జట్టులో ఉన్నాడు. 2023లో పోయారు.

రహీమ్ పంతులుగా ఉండి కోచ్ అయ్యారు. ఆటగాడిగా పేరు తెచ్చుకుని కోచ్ అయినవాళ్లూ హైదరాబాదులోనే ఉన్నారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ తర్వాత జాతీయ జట్టుకే కోచ్ అయ్యారు, 1990లో ద్రోణాచార్య అందుకున్నారు. షబ్బీర్ అలీ గోవా సాల్గావ్‌కర్ జట్టుకు జాతీయ లీగ్ గెలిపించారు. మనకు దగ్గర్లో, బెంగళూరు షణ్ముగం వెంకటేశ్ ఆట మానాక శిక్షణ మెట్లన్నీ ఎక్కి ఇండియన్ యారోస్ కుర్రవాళ్లకు కోచ్ అయ్యారు, జాతీయ జట్టుకు సహాయ కోచ్‌గా పనిచేశారు. అంటే దారి లేకపోలేదు. పాటియాలాలో జాతీయ క్రీడా సంస్థ 1961 నుంచి ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్సుతో మొదలుపెట్టి, ఆసియా సమాఖ్య సి, బి, ఎ, చివర ప్రో దాకా మెట్లు ఉన్నాయి.

మా అన్న మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాడు. ఒక శిక్షణ తరగతికి చేరి రెండో రోజు తిరిగొచ్చేశాడు. ఎక్కడ, ఎవరిది అన్నది రాయను. పాఠం ఇంగ్లీషులో, కాగితాలు ఇంగ్లీషులో, చివర రాత పరీక్షా ఇంగ్లీషులోనే. ‘గ్రౌండ్‌లో అందరికంటే నేనే బాగా చేసినాను మేడమ్. రూములోకి పోతే నా తల వంగిపోతా ఉండె’ అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు మన ఇళ్ల నుంచి పీయూసీకి వెళ్లి మొదటి నెలలోనే తిరిగొచ్చిన పిల్లలందరూ కళ్లముందు కదిలారు. తెలివి తక్కువై వెనక్కి రాలేదు వాళ్లు. వాళ్ల తెలివి వేరే భాషలో ఉంది, అంతే.

భాషాపరమైన అల్పసంఖ్యాకుల బడి అన్న బోర్డు పెట్టుకుని 30వ అధికరణం గురించి, 350ఎ గురించి సభల్లో మాట్లాడతాం. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు మన పిల్లల హక్కు అంటాం. మరి అదే బడిలో చదివి, అదే భాష పట్టుకుని బయటికెళ్లినవాడు నలభై ఏళ్లకు ఒక విద్య నేర్చుకోబోతే భాష అడ్డం పడితే, అది మన విషయం కాదా? పోర్చుగల్‌కు చెందిన మొరీన్యో పెద్ద ఆటగాడేం కాదు, కొంతకాలం బడుల్లో వ్యాయామం చెప్పాడు. పెద్ద క్లబ్బులోకి అడుగుపెట్టింది ఇంగ్లీషు కోచ్ బాబీ రాబ్సన్‌కు దుబాసీగా. ఒకరి మాటను ఇంకొకరి భాషలోకి మారుస్తూ మారుస్తూ కోచింగ్ నేర్చుకున్నాడు. అనువాదం కూడా ఒక మెట్టేనన్నమాట.

అందుకే కమిటీని నేను అడిగింది రెండు. గౌరవ వేతనం ఇవ్వండి, దాంతోపాటు లైసెన్సు కోర్సు ఫీజు బడి కట్టాలి. ఒక ఏడాదిలో మొదటి మెట్టు ఎక్కాలని ఆయనకు షరతు పెట్టండి. పుస్తకం చదివించే బాధ్యత మేం ఉపాధ్యాయులం తీసుకుంటాం. ఫీజు సంగతి ఇంకా తేలలేదు. వేతనం మూడు నెలలకు ఒప్పుకున్నారు. కన్నడ టీచరు, నేను, అన్న ముగ్గురం ఆదివారం ఆట అయ్యాక గంటసేపు కూర్చుంటున్నాం.

ఒక హెచ్చరిక కూడా అవసరం. మాజీ ఆటగాడు దొరికాడు కదా అని పీఈటీ పోస్టు అడగడం మానేస్తే మనకంటే మూర్ఖులు ఉండరు. ఆయన వారానికి రెండు పూటల కోచ్, పీఈటీ కాదు. చవకగా వచ్చాడని పదిమంది పని ఆయన మీద వేయడం కూడా తప్పే. అలాగే తల్లులు నన్ను పక్కకు పిలిచి అడిగిన ప్రశ్న న్యాయమైనదే: ‘ఆడపిల్లల్ని బయటి మనిషి దగ్గరికి ఎట్లా పంపేది మేడమ్?’ పోలీసు వెరిఫికేషన్ చేయించాం. మైదానంలో ఒక ఉపాధ్యాయిని లేకుండా విజిల్ మోగదు. ఈ నియమానికి అన్న నొచ్చుకోలేదు, తనకూ కూతురుంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోందని చెబితే ఒక తల్లి, ‘ఆ పిల్లకి ఇంట్లో పని ఎవరు చేసిరో’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మార్కుల సంగతి అడిగే నాన్నలకు నేను పెద్ద హామీలేం ఇవ్వను. ఫుట్‌బాల్ ఆడితే లెక్కలు వస్తాయని అబద్ధం చెప్పలేను. సైనైడ్ దిబ్బల మీది దుమ్ము ఎగిరే గాలికాలంలో కూడా ఆదివారం ఆరున్నరకు లేచి వస్తున్నారు, అది మాత్రం చూస్తున్నాను. తమిళ ఇళ్ల పిల్లలూ నలుగురైదుగురు గోడ దూకి వచ్చి కలుస్తున్నారు. అన్న వాళ్లను తమిళంలో, మావాళ్లను తెలుగులో తిడతాడు. తిట్లు తగ్గాయి కూడా.

రహీమ్ సాబ్ ఎడమకాలి పోటీ గురించి చెప్పిన మరుసటి శనివారమే అన్న సున్నంతో చిన్న చిన్న గళ్లు గీసి, కుడికాలు వాటంవాళ్లంతా ఎడమకాలితోనే ఆడాలన్నాడు. మా పెద్ద ఆటగాడు, ఊరంతా పేరున్న తొమ్మిదో తరగతి పిల్లవాడు, రెండుసార్లు బోర్లా పడ్డాడు. ఎప్పుడూ గట్టు మీద కూర్చునే ఎనిమిదో తరగతి అమ్మాయి రెండు గోల్స్ కొట్టింది. ఆ పిల్లది ఎడమచేతి వాటం, ఎడమకాలి వాటం అని ఆ రోజుదాకా నాకూ తెలియదు, అన్నకూ తెలియదు. ఇరవై ఎనిమిది మందిలో ఇప్పుడు ఇరవై నాలుగు మంది వస్తున్నారు.

పోయిన ఆదివారం ఆఫ్‌సైడ్‌కు తెలుగేమిటా అని నేనూ కన్నడ టీచరూ బుర్ర గోక్కుంటుంటే అన్న నవ్వాడు. ‘దానికి తెలుగు వద్దు మేడమ్, పిలకాయలకి తెలుసు. ఈ ప్రోగ్రెషన్ అంటే ఏమో అది చెప్పండి, పేజీ పేజీలోనూ ఉండాది.’ మా బీఎడ్‌లో దాన్ని సులభం నుంచి కఠినానికి పోవడం అంటారని చెప్పాను. ‘ఓ, అంతేనా!’ అని నోటుబుక్కులో తెలుగులో రాసుకున్నాడు. ఇంకా పంతొమ్మిది పేజీలు ఉన్నాయి.