గార్డు తీసిందెవరు?

దసరా పోయినంక నారాయణఖేడ్ బస్టాండుల మూటలు కనబడతయి. చెరుకు కొట్టడానికి కొందరు, ఇటుక బట్టీలకు కొందరు. ఇంటర్ ఆపేసిన మన వాడల పిల్లలు, తండాల పిల్లలు పటాన్‌చెరు, జీడిమెట్ల, బాలానగర్ షెడ్ల బాట పడతారు. వాళ్లకున్న ఆస్తి రెండు చేతులే.

మా బడిలో చదివిన ఒక పిల్లగాడు అట్లనే పోయిండు. పవర్ ప్రెస్ మీద కూర్చోబెట్టిండ్రు. మూడో నెలలో కుడిచేతి వేళ్లు మూడు పోయినయి. మేం దవాఖానకు పోతే మేనేజర్ ఒక్కటే మాట అన్నడు: "నిర్లక్ష్యంగా చెయ్యి పెట్టిండు." పిల్లగాడు కూడా తల వంచుకొని "నాదే తప్పు సార్" అన్నడు. ఆ మాట మమ్మల్ని నిద్ర పోనియ్యలేదు. అందుకే ఈసారి ఆ మిషన్ గురించే రాస్తున్నం.

పవర్ ప్రెస్‌లో కింద డై, పైన పంచ్, పక్కన ఎప్పుడూ తిరిగే బరువైన చక్రం ఉంటయి. పెడల్ తొక్కితే క్లచ్ పట్టుకొని పంచ్ టన్నుల బలంతో దిగుతది. పాత రకం కీ క్లచ్ ప్రెస్ ఒకసారి తొక్కినంక చుట్టు పూర్తయ్యేదాకా ఆగదు. లోపల చెయ్యి ఉన్నా ఆగదు. కీ అరిగినా, స్ప్రింగు విరిగినా తొక్కకుండనే మళ్లీ దిగుతది. మోటారు బంద్ చేసినా చక్రం కొంతసేపు తిరుగుతనే ఉంటది. పొద్దంతా అందులో చెయ్యి పెట్టి తీసే మనిషికి ఎప్పుడో ఒకసారి లయ తప్పుతది. ఆ ఒక్కసారి కోసమే గార్డు.

గార్డు బ్రహ్మవిద్యేం కాదు. డై చుట్టూ రేకు దూరి, వేలు దూరని ఇనుప జాలీ ఒక రకం. గేటు మూస్తేనే క్లచ్ పట్టేది ఇంకో రకం. రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితేనే పంచ్ దిగేది మరో రకం. ముక్క పెట్టి తీయడానికి పట్టకారు, అయస్కాంతం ఉండాలె. పెడల్ మీద ఏదన్నా పడి ప్రెస్ దిగకుండా దానిపైన ఒక మూత ఉండాలె. మధ్యలో ఆగగలిగే ప్రెస్సులకు చెయ్యి అడ్డం రాగానే ఆపే లైట్ కర్టెన్ కూడా ఉంది. కీ క్లచ్ ప్రెస్సుకు మాత్రం అది పనికిరాదు.

మరి ఇవన్నీ ఎందుకుండవు? గార్డు ఉంటే పీసుల లెక్క తగ్గుతదట. జాలీ విప్పి పక్కన పెట్టిస్తరు. రెండు బటన్లలో ఒకదానికి పుల్ల దోపి బిగిస్తరు. ఇక్కడ మోసం చూడండి. భద్రత కోసం పెట్టిన గార్డును తెలిసి కూడా కార్మికుడే కావాలని తీస్తే, చావో పూర్తి శాశ్వత వైకల్యమో అయితే తప్ప, యజమాని పరిహారం ఇయ్యక్కరలేదని 1923 నాటి పరిహార చట్టం అన్నది. ఇప్పటి సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ మాట ఉంది. తీయమనేది వాళ్లు, తీసిండని రాసేది మన మీద.

ఆ చట్టం వేలు వేలుకూ లెక్క కట్టింది. చూపుడు వేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 14 శాతం నష్టం, నడిమి వేలు 12, ఉంగరపు వేలు 7, బొటనవేలు 30. ద్రోణుడు ఏకలవ్యుణ్ని అడిగింది ఆ 30 శాతమే. పోయింది మాత్రం విద్యంతా.

ప్రమాదకరమైన మిషన్ భాగాలకు రక్షణ కట్టాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. కరెంటుతో నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అన్నది. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన కొత్త కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. పన్నెండు మందితో నడిచే షెడ్డు నిన్న ఫ్యాక్టరీ, ఇవాళ కాదు. కార్మిక శాఖ చూసిన రోజుల్లో, 1946లో, వారానికి 48 గంటల పని బిల్లు తెచ్చిన బాబాసాహెబ్ వారసులం మనం ఇది చూస్తూ ఊరుకుందామా?

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా చనిపోతే దేశమంతా చూసింది. రోజుకో వేలు తెగితే ఎవరు చూస్తరు? గుర్గావ్, మానేసర్ ఆటో విడిభాగాల షెడ్లలో గాయపడ్డవాళ్ల గురించి సేఫ్ ఇన్ ఇండియా సంస్థ 2019 నుంచి నివేదికలు వేస్తున్నది. అక్కడా వేళ్లు మింగుతున్నది ముఖ్యంగా పవర్ ప్రెస్సే.

అన్నలారా, అక్కలారా! ఏ ఊరి పిల్లలు ఏ షెడ్డులో, ఏ మిషన్ మీద ఉన్నరో సంఘం కాడ ఒక నోటుబుక్కు పెట్టండి. గార్డు లేని ప్రెస్ మీద ఒంటరిగా వద్దంటే పని పోతది. పది మంది కలిసి అడగండి. చేరిన రోజే ఈఎస్ఐ నంబరు అడగండి. పని ప్రమాదానికి ఈఎస్ఐ హక్కు మొదటి రోజు నుంచే ఉంటది. దెబ్బ తగిలితే దవాఖాన కాగితాలు దాచుకోండి. తెల్లకాగితం మీద సంతకం పెట్టకండి. వేళ్లు తెగినోడితో మిగిలిన వేలి ముద్ర వేయించుకునే కాలమిది.

మా పిల్లగాడు ఇప్పుడు ఎడమచేత్తో పేరు రాయడం నేర్చుకుంటున్నడు. "నీ తప్పు కాదు బిడ్డా" అని మేం రోజూ చెప్తున్నం. మీరూ మీ పిల్లలకు చెప్పండి, షెడ్డుకు పోకముందే.

జై భీమ్.